రీలు రాని బండికి దిక్కెవలు?

పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. ములుగు దిక్కు పిలగాడు, నేను రాసేటియి సదువుతడట. "అన్నా, మా నాయినకు ఆపరేషనుంది. వరంగల్‌ల వారం రోజులుండాలె. అగ్గువకు, కడుపు నిండ యాడ దొరుకుతది?" అని అడిగిండు. ఇసొంటి ప్రశ్న అడిగితె నాకు పాణం లేసొస్తది. ఒక్కటి కాదు, నాలుగు జాగలు చెప్పిన. అంత ఇన్నంక "పేర్లు చెప్పన్నా, మ్యాపుల కొట్టుకుంట" అన్నడు.

గప్పుడు నాకు నోట్లెకెల్లి మాట రాలె. నేను చెప్పిన నాలుగిట్ల ఒక్కదానికి సుత పేరు లేదు. బోర్డు లేదు. చెట్టు కింది అక్క, మార్కెట్ కాడి తాత, రొట్టెలవ్వ, స్టేజీ కాడి కాక. ఇయ్యే పేర్లు. ఇన్నేండ్ల సంది తింటున్న, నాకే ఆళ్లల్ల ఇద్దరి అసలు పేర్లు తెల్వయి. సరే, మ్యాపుల లేరు. సర్కారు కాయితాలల్ల అన్న ఉన్నరా అని ఎతుకుడు మొదలువెట్టిన. గా ఎతుకుడే ఈ వారం ముచ్చట.

ముందుగాల గా నాలుగు జాగలు మీకు సుత చెప్త. తిండి సంగతి చెప్పకుంట చట్టం సంగతి మాట్లాడుడు నాకు చేతకాదు.

మొదటిది ఎంజీఎం దవాఖాన బయట. ఉత్తర తెలంగాణల ఎన్నో జిల్లాలకు పెద్ద దిక్కు గా దవాఖాననే. మంచం మీద పన్న పేషెంటుకు లోపల బువ్వ పెడ్తరు. మరి పక్కన కూసున్నోనికి? 2009ల మా అవ్వను 11 రోజులు గాడ పెట్టినం. జేబుల ఉన్న పైసలు నాలుగో రోజుకే ఒడిసినయి. గేటుకు జర అవుతల చెట్టు కింద ఇడ్లీ బండి పెట్టే అక్క నా మొఖం చూసి, నేను అడగకముందే ప్లేటు చేతుల పెట్టింది. "మీ అవ్వను ఇంటికి పంపినంక ఇద్దువు తీ" అన్నది. ఆమె కాడ ఒక పాత నోటుబుక్కు ఉండేది. అండ్ల మనుషుల పేర్లు ఉండయి, వార్డు పేరు, మంచం నంబరు ఉంటయి. "ఆడోళ్ల వార్డు, 23" అని రాసున్నది నా ఖాతా. పొద్దుగాల ఐదింటికి మా అవ్వకు తాగనీకె ఉడుకు నీళ్లు ఫ్లాస్కుల ఆమెనే పోసిచ్చేది. దానికి పైసలు తీస్కునేది కాదు. ఇడ్లీ మెత్తగ, పెద్దగ ఉంటది, పల్లి చెట్నీల ఎల్లిపాయ దండిగ పడ్తది. ఎల్లిపాయ ఎక్కువైందనేటోళ్లు సుత ఉన్నరు. ఆళ్ల నోటికి ఏదో రోగమున్నట్టు లెక్క.

రెండోది ఎనుమాముల మార్కెట్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాంక మిర్చి సీజన్ల ఒక్కసారన్న తెల్లారగట్ల నాలుగింటికి గాడికి పోయి చూడాలె. రాత్రే ట్రాలీలల్ల, ఆటోలల్ల సరుకు తెచ్చి దింపి, బస్తాల మీదనే తువ్వాల పర్సుకొని పన్న రైతులు. గాలంత ఘాటు. తుమ్ముకుంట, దగ్గుకుంట చాయ్ తాగుడు. వరంగల్ చపాట మిర్చికి 2025ల జీఐ గుర్తింపొచ్చిందని మనమంత స్టేటస్‌లు పెట్టుకున్నం. గా మిర్చి పండిచ్చినోడు జెండా పాట అయ్యేదాంక ఏం తిని ఉంటడో ఎవలు స్టేటస్ పెట్టలె. ఆడ ఒక తాత, ఆయన కోడలు కలిసి బండి నడుపుతరు. తెల్లారగట్ల చాయ్, ఉప్మా. తొమ్మిది దాటితె అన్నం, పప్పుచారు, కోడిగుడ్డు కూర. మంచి రేటు పలికిన రోజు రైతు రెండు గుడ్లు ఏసుకుంటడు. రేటు కొట్టిన రోజు ఉత్త పప్పుచారు. "ఇయ్యాల మార్కెట్ ఎట్లున్నదో నా కాడ మిగిలిన గుడ్లు చూస్తె తెలుస్తది" అన్నడు తాత ఒకసారి. పేపర్ల వచ్చే ధరల పట్టిక నేను ఇప్పటికి సదువుత, కని తాత గుడ్ల లెక్క మీద నాకు ఎక్కువ నమ్మకం.

మూడోది కేయూ క్రాస్ రోడ్డు దిక్కు, పొద్దుమీకినంక పెట్టే జొన్నరొట్టెల బండి. రొట్టెలవ్వ పిండి ముద్దను రెండు అరచేతుల నడుమ తిప్పుకుంట కొడ్తాంటె గా సప్పుడుకే సగం ఆకలైతది. రెండు రొట్టెలు, పుంటికూర, ఇంత పచ్చిపులుసు. మా చిన్నప్పుడు జొన్నరొట్టె తినేటోన్ని చూసి "ఇంట్ల బియ్యం లెవ్వు" అని నవ్వేది. గిప్పుడు షుగరొచ్చినంక కార్లు ఆపి లైన్ల నిలవడుతున్నరు. కారోనికి, ఉద్యోగాల పరీక్షలకు సదువుకుంట ఏండ్లు గడిపే హాస్టల్ పిలగానికి ఒక్కటే రేటు. కని పిలగాడు తిన్న మూడో రొట్టె ఒక్కోసారి అవ్వ లెక్కలకు రాదు.

నాలుగోది పట్నంల లేదు. మా మండల కేంద్రంల బస్సు స్టేజీ కాడ, యాపచెట్టు కింద మిర్చీల బండి. మీ మండలంల సుత ఉంటది, నేను చెప్పుడెందుకు. సాయంత్రం బడి ఇడిసినంక, కైకిలి నుంచి ఆడోళ్లు మల్లినంక గాడ నిలవడితె మండలంల ముచ్చట్లన్ని ఎరుకైతయి. నేను పేపర్లకు రాసుడు మొదలువెట్టిందే గా బండి కాడ ఇన్న ఒక ముచ్చటతోని.

ఇగ చట్టం సంగతికి వస్త.

2024 జనవరి యాదికున్నదా? హైదరాబాద్ మాదాపూర్ల రోడ్డు పక్కన అన్నం, కూరలు అమ్మే కుమారి ఆంటీ. యూట్యూబోళ్లు, ఇన్‌స్టా పిలగాండ్లు ఎగవడి వీడియోలు తీసిండ్రు. జనం పెరిగిండ్రు, బండ్లు ఆగినయి, ట్రాఫిక్ జామయింది. నెలాఖరుకు పోలీసులు ఆమె అమ్ముకునుడు బందు పెట్టిచ్చిండ్రు. టీవీలల్ల గదే రంది. ఎంటనే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పిచ్చుకొని, ఆమెను ఆడనే అమ్ముకోనియ్యుండ్రి అని చెప్పిండు. ఆమె మల్ల పొయ్యి ఎలిగిచ్చింది.

మంచిదే అయింది. నేను సుత సంబురపడ్డ. ఆమె కష్టం ఆమెది, ఆమె పేరు ఆమె సంపాయిచ్చుకున్నది. నా రంది వేరే. ముఖ్యమంత్రి చెప్తె ఆగిన పని, చట్టం చెప్తె ఎందుకు ఆగలె? గా రోజు మాదాపూర్లనే ఇంకెన్ని బండ్లను లేపిండ్రో, ఆళ్ల కాడ కెమెరాలు లేవు కాబట్టి మనకు తెల్వది. 2022 అక్టోబర్ల హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ అని పెట్టి అడ్డం పార్కింగులు, ఫుట్‌పాత్ ఆక్రమణలు తీసుడు మొదలువెట్టిండ్రు. రోడ్డు ఖాళీ కావాలనుడు తప్పు కాదు, అంబులెన్సు పోవాలె కద. కని బండి లేపేటప్పుడు దానికొక పద్ధతి రాసున్నది. గా పద్ధతి చాలామందికి తెల్వది, లేపేటోళ్లకు సుత.

కత 1989ల మొదలయితది. ఢిల్లీల సోదన్ సింగ్ అనే బజారు వ్యాపారి కేసుల సుప్రీంకోర్టు ఏమన్నదంటె, రోడ్డు పక్కన అమ్ముకునుడు సుత రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కే. అయితె ఫలాన జాగనే నాది అనే హక్కు లేదు, సర్కారు పద్ధతి పెట్టొచ్చు. గా పద్ధతిని దేశమంతటికి చట్టంగ రాసేటాలకు ఇంకో 25 ఏండ్లు పట్టింది. 2014ల వీధి వ్యాపారుల చట్టం వచ్చింది, మే 1 నుంచి అమలు. కార్మికుల దినం నాడే పెట్టిండ్రు, జర సోయి ఉండే పెట్టినట్టున్నరు.

అండ్ల ఏమున్నదో ఇనుండ్రి, మీ బజార్ల బండి ఉన్నోళ్లకు చెప్పుండ్రి. ఐదేండ్లకు ఒకసారి సర్వే చెయ్యాలె. సర్వే అయ్యి, అందరికి సర్టిఫికెట్లు ఇచ్చేదాంక ఎవల్ని లేపొద్దు. లేపాల్సొస్తె 30 రోజుల ముందుగాల నోటీసియ్యాలె. సామాన్లు గుంజుకుంటె ఏమేం గుంజుకున్నరో లిస్టు రాసి సంతకం పెట్టి చేతుల పెట్టాలె. చెడిపోని సామాను అడిగినంక రెండు పని దినాలల్ల, చెడిపోయేది అడిగిన్నాడే ఇడిసిపెట్టాలె. టౌన్ జనాభల 2.5 శాతం మందికి దాంక బండ్లకు జాగ సర్దాలె. 50 వేల మంది ఉన్న టౌన్ల అంటె 1,250 బండ్లు, గంపలు. ఇవన్ని తేల్చెతందుకు టౌన్ వెండింగ్ కమిటీ అని ఒకటి ఉండాలె, అండ్ల 40 శాతం తక్కువ కాకుంట బండ్లోళ్లు ఓట్లేసి గెలిపిచ్చుకున్న మనుషులే ఉండాలె. గా గెలిచినోళ్లల్ల మూడోవంతు ఆడోళ్లు. ఎన్నో ఏండ్ల సంది అమ్మకాలు నడుస్తున్న జాగను చట్టం సహజ మార్కెట్ అంటది, దాన్ని లెక్కలకు తీస్కొనే ప్లాన్ గియ్యాలంటది.

సదివితె ఎంత కమ్మగున్నది చూసిండ్రా. కూర మంచిగున్నది, వడ్డిచ్చేటోడే లేడు.

గిప్పుడు ఒకామె సంగతి చెప్త. మా దిక్కు ఒక టౌన్ల ఉంటది. టౌన్ పేరు చెప్ప, ఆమె పేరు చెప్ప. చెప్తె ముందుగాల ఆమె బండికే ముప్పు. సర్కారు కాలేజీ గోడ పక్కపొంటి 14 ఏండ్ల సంది ఇడ్లీ, బోండా, దోశ. మొగడు చచ్చిపోయిండు, ఇద్దరు పిల్లలు. నాకు చెల్లె లెక్క. పోయిన చలికాలం ఒకనాడు పొద్దుగాల ఏడు గంటలకు లారీ వచ్చింది, ఎనుక జేసీబీ. ఎవలో పెద్దమనిషి వస్తున్నడట, రోడ్డు సాఫ్ ఉండాలె. నోటీసు లేదు. "పొయ్యి మీద ఇడ్లీలున్నయి, పది నిమిషాలాగు సారూ" అన్నదట. ఇడ్లీ పాత్ర దింపిండ్రు, పొయ్యి గుంజిండ్రు, రెండు బకెట్ల దోశ పిండి మోర్ల పోసిండ్రు. పెనం, సిలిండరు, బల్లలు, బండి మొత్తం లారీల పడ్డయి. లిస్టు రాయలె.

నేను మధ్యాహ్నం పోయిన. ఆమె కాలేజీ గోడకు ఆనుకొని కూసున్నది, చేతుల ఒక ప్లాస్టిక్ కవరు. కవర్ల ఏమున్నదో తెలుసా? గదే టౌన్ మున్సిపాలిటీ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు. ఫొటో ఉన్నది, నంబరున్నది. దాంతోపాటు పీఎం స్వనిధి లోను కాయితం.

స్వనిధి అంటె మీకు తెలిసిందే. కరోనా నడుమ 2020 జూన్ల కేంద్రం పెట్టింది. ముందుగాల 10,000, అది కట్టినోళ్లకు 20,000, అదీ కట్టినోళ్లకు 50,000. టైముకు కడితె వడ్డీల 7 శాతం సబ్సిడీ. 2025 ఆగస్టుల మొదటి రెండు మెట్లను 15,000, 25,000 చేసి, స్కీమును 2030 మార్చి దాంక పొడిగిచ్చిండ్రు. నేను ప్రతి సర్కారు స్కీమును తిట్టేటోన్ని కాదు, ఇది పనికొచ్చిన స్కీమే. ఎందుకంటె దీని ముందుగాల బండ్లోళ్లకు దిక్కు గిరిగిరి ఫైనాన్సే. పదివేలు అని రాసుకొని 8,500 చేతుల పెడ్తడు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలె. చూస్తె 1,500 ఏ కద అనిపిస్తది. కని రోజురోజు అసలు తగ్గుకుంట పోతది కాబట్టి ఏడాది లెక్కకు తెచ్చి చూస్తె వడ్డీ నూటికి నూరు దాటుతది. నమ్మకపోతె మీరే ఏసి చూసుకోండ్రి.

మా చెల్లె మొదటి పదివేలు కట్టింది, రెండోది 20,000 తీస్కొని గ్రైండరు కొన్నది. నడుమల ఉన్నది కిస్తు. అంటె ఒక సర్కారు చెయ్యి "నువ్వు వీధి వ్యాపారివి, ఇగో అప్పు, ఇగో కార్డు" అన్నది. ఇంకో సర్కారు చెయ్యి "నువ్వు ఆక్రమణదారువు" అని బండి గుంజుకపోయింది. బండి యార్డుల ఉన్న 19 రోజులు సుత కిస్తు ఆగలె. కిస్తు కట్టనీకె ఆమె మల్ల గిరిగిరోని కాడికే పోయింది. 19 రోజులు అంటున్న, చట్టంల రెండు పని దినాలని రాసున్నది. ఆఖరుకు జరిమానా కట్టిచ్చుకొని బండి ఇచ్చిండ్రు, రసీదు ఇయ్యలె. సిలిండరు రాలె. అడిగితె "గాడ ఉంటె తీస్కపో" అన్నరట. గాడ లేదు.

ఆమె బండి కాడ ఎవలు రీలు తియ్యలె. ఇడ్లీకి రీలు ఏముంటది. పెద్ద ముక్క లేదు, పొగలు కక్కే చీజు లేదు, పన్నెండు రకాల కూరలు లేవు. 14 ఏండ్లల్ల గా కాలేజీల సదువుకున్న పిలగాండ్లు వేలమంది ఆమె చేతి దోశ తిని డిగ్రీ పాసయిండ్రు. ఒక్కడు సుత అటు మల్లి రాలె. నేను ఆళ్లను తిడ్తలేను, ఆళ్లకు తెల్వదు. మల్ల వచ్చి చూసేటాలకు గోడ సాఫ్ ఉంటది, "అరె, ఆంటీ బందు చేసిందేమో" అనుకుంటరు.

మరి మన ఊర్ల సంగతి? ఇది ఇంకా గమ్మత్తు. గా 2014 చట్టం టౌన్లకే. స్థానిక సంస్థ అంటె కార్పొరేషను, మున్సిపాలిటీ, నగర పంచాయతీ, కంటోన్మెంటు అని రాసుకున్నరు, గ్రామ పంచాయతీ అండ్ల లేదు. మా స్టేజీ కాడ మిర్చీల కాకకు సర్వే లేదు, సర్టిఫికెట్ లేదు, 30 రోజుల నోటీసు లేదు. సంత నాడు పైసలు మాత్రం కడ్తడు. సంతను పంచాయతీ వేలం పాడుతది, పాట గెలిచినోడు బండికింత, గంపకింత అని వసూలు చేస్తడు, చీటీ చింపిస్తడు. గా చీటీకి హక్కు రాదు. స్వనిధిని సెన్సస్ టౌన్లకు, పట్నం అంచుల ఉన్న ఊర్లకు సుత జరుపుతమని 2025ల చెప్పిండ్రు, మంచిదే. కని అది అప్పు ఇచ్చుడు. నిలవడే జాగకు హక్కు ఇచ్చుడు కాదు.

రోడ్డు పెద్దగయితె ఏమయితదో హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే రోడ్డు మీద చూసినం. నాలుగు లైన్లయింది, ఊర్ల అవుతలికెల్లి బైపాసులు పడ్డయి. బస్సు గంటన్నర ముందుగాల వస్తాంది, నాకు సుత సంబురమే. పాత రోడ్డు మీద బస్సులాగి మనం చాయ్ తాగిన హోటళ్లు కొన్ని మూతవడ్డయి, కొన్ని మెకానిక్ షెడ్లయినయి. ఇల్లు పోయినోనికి, భూమి పోయినోనికి ఎంతో కొంత పరిహారం కాయితమన్న ఉంటది. మందల పోయిన హోటలోనికి ఏ కాయితం ఉంటది?

పైసల సంగతి సుత జర చెప్పాలె. మిర్చీల కాక ఒకప్పుడు 20 రూపాయలకు నాలుగు ఇచ్చేది, గిప్పుడు మూడు. తిట్టుకుంట తింటం. 2024 సెప్టెంబర్ 14 నుంచి ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి సుంకం అన్ని కలుపుకొని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి ఎక్కింది. ఎందుకు పెంచిండ్రంటె ఇక్కడి నూనెగింజల రైతుకు రేటు రావాలని. అశ్వారావుపేట దిక్కు పామాయిల్ రైతులు, పల్లి పెట్టే రైతులు నాకు పరాయోళ్లా? కారు. ఆళ్లకు రావాల్సిందే. గందుకే ఈ విషయంల నేను జెండా పట్టుకొని ఒక దిక్కు నిలవడలేను. ఏడాది తిరగకముందే, 2025 మే ఆఖర్ల, సుంకం 16.5 శాతానికి దిగింది. దిగినంక మిర్చీ ఏమన్న పెద్దగయిందా అని కాకను అడిగిన. "ఎక్కిన రేటు దిగంగ నేనైతె చూడలె బిడ్డా" అన్నడు. రేటు ఎక్కుడు ఆయన దాంక తెల్లారేటాలకే వస్తది. దిగుడు నడుమ యాడనో ఆగిపోతది. 19 కిలోల గ్యాస్ సిలిండరు రేటు నెల నెల ఒకటో తారీఖు మారుతది, గది సుత గిట్లనే.

ఫోన్‌పే, గూగుల్‌పే స్కానర్లు వచ్చినంక చిల్లర పరేషాన్ పోయింది, నిజమే. కని 2025 జులైల కర్ణాటకల ఏమయిందో చూసినం. యూపీఐల పడ్డ పైసల లెక్క చూసి చిన్న చిన్న దుకాణపోళ్లకు జీఎస్టీ నోటీసులు పంపిండ్రు. బెంగళూరుల చాలామంది స్కానర్లు పీకేసి, నగదు మాత్రమే అని బోర్డు పెట్టిండ్రు. గొడవయినంక సర్కారు జర ఎనక్కి తగ్గింది. హోటల్ పనికి ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటితె జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలె. వినేటాలకు చాన పెద్ద లెక్క అనిపిస్తది. 365తోని భాగిస్తె రోజుకు 5,500 కన్న తక్కువనే. మంచిగ నడిచే టిఫిన్ బండికి గది అమ్మకం, లాభం కాదు. అండ్ల బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, ఇద్దరి కూలి పోవాలె. మీ చుట్టాలల్ల బండి నడిపేటోళ్లుంటె ఖర్చు లెక్క రోజు రాసిపెట్టుకోమని చెప్పుండ్రి. రేపు నోటీసొస్తె గా నోటుబుక్కే అడ్డం పడ్తది.

"అన్నా, గా బండ్ల కాడ శుభ్రం ఉండది" అని అంటరు కొందరు. అననియ్యుండ్రి, అబద్ధం కాదు. నేను సుత ఒకసారి బండి మీద తిని మూడు రోజులు పన్న. 2024 అక్టోబర్ల హైదరాబాద్‌ల మొమోలు తిని ఒకామె పాణం పోయింది, చాలామంది దవాఖానల పడ్డరు. అక్టోబర్ 30న సర్కారు పచ్చిగుడ్డుతోని చేసే మయోనైజ్‌ను ఏడాది దాంక బందు పెట్టింది. సరైన పనే. కని గదే ఏడాది ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లు పెద్ద పెద్ద ఏసీ హోటళ్ల వంటిండ్లల్ల చొరవడితె తారీఖు దాటిన సరుకు, బొద్దింకలు బయటపడ్డయి కద. గా హోటళ్లకు నల్లా ఉన్నది, మోరి ఉన్నది, ఫ్రిజ్ ఉన్నది, అయినా గట్లున్నది. మా చెల్లె బండికి నీళ్లు యాడికెల్లి వస్తయో తెలుసా? రెండు బిందెలు ఇంటికాడికెల్లి స్కూటీ మీద తెస్తది. చట్టంల వెండింగ్ జోన్ పెట్టి, సౌలత్‌లు చేసిచ్చి, దానికి నెల నెల మెయింటెనెన్స్ పైసలు బండ్లోళ్ల కాడ తీస్కోవాలని ఉన్నది. ఆళ్లు కట్టనీకె తయారే. గిరిగిరోనికి రోజుకు వంద కట్టేటోళ్లు నల్లాకు నెలకింత కట్టరా?

ఇంకొకటి సుత అంటరు, సర్కారే 5 రూపాయలకు పెడ్తాంది కద అని. హైదరాబాద్‌ల 2014 సంది 5 రూపాయల భోజనం నడుస్తాంది, గిప్పుడు ఇందిరా క్యాంటీన్లంటున్నరు. ఆంధ్రల అన్న క్యాంటీన్లు 2018ల పెట్టిండ్రు, సర్కారు మారంగనే బందయినయి, మల్ల మారంగనే 2024 ఆగస్టుల తెరిసిండ్రు. ఆకలైనోనికి 5 రూపాయలకు బువ్వ పెట్టుడు కన్న పుణ్యం లేదు, అవి ఉండాలె, ఇంకా పెరగాలె. అయితె ఎనుమాములల తెల్లారగట్ల నాలుగింటికి ఏ క్యాంటీన్ తెరుస్తరు? "23వ మంచం" అని ఖాతా ఎవలు రాస్తరు?

పోయిన నెల నేను, మా చెల్లె, ఇంకో ఇద్దరు బండ్లోళ్లు కలిసి సమాచార హక్కు చట్టం కింద గా టౌన్ మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టినం. పది రూపాయల ఖర్చు. నాలుగే ప్రశ్నలు రాసినం. టౌన్ వెండింగ్ కమిటీ ఉన్నదా? బండ్లోళ్ల ఎన్నిక ఎన్నడు జరిగింది? కమిటీ ఆఖరి మీటింగ్ ఏ తారీఖు? పోయిన ఏడాది గుంజుకున్న సామాన్ల లిస్టులు ఎన్ని రాసిండ్రు? 30 రోజులల్ల జవాబియ్యాలె. 21 రోజులయినయి. మీ టౌన్ల సుత గివే నాలుగు ప్రశ్నలు రాసి పెట్టొచ్చు, ఎవల పర్మిషన్ అక్కర లేదు. జవాబొస్తె నాకు పంపుండ్రి, పక్కపక్కన పెట్టి సదువుదాం.

ములుగు తమ్ముడు నిన్న మల్ల ఫోన్ చేసిండు. నాయిన ఆపరేషన్ మంచిగయిందట. చెట్టు కింది అక్క ఇప్పుడు పొయ్యి కాడ కూసుంట లేదట, ఆమె బిడ్డ నడుపుతాందట. ఎల్లిపాయ మాత్రం గట్లనే ఉన్నదట.

మా చెల్లె బండి గిప్పుడు కాలేజీ గోడ కాడ లేదు. మోరికి అవుతల, టైర్ల దుకాణం తెరవకముందు ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాంక పెడ్తాంది, దుకాణం షట్టరు లేసేటాలకు జరుపుకోవాలె. దోశ గదే దోశ. పొయ్యేటోళ్లు చిల్లర పట్టుకపోండ్రి, స్కానర్ డబ్బా సుత గా లారీలనే పోయింది, ఇంకా రాలె.